దానయ్య తాత కుడిచెవి

నమోదు 118

దానయ్య తాత పోయాడు. ఎడమ చెవి నా బల్ల మీద ఉంది. కుడిచెవి ఇవ్వరు.

ఇవ్వరని తెలిసే అడిగాను. అడగడం నా ఉద్యోగం. ఆకాశంలో తిరిగే ఈ గిరకలో ఎవరు పోయినా చెవి లోపలి భాగం పరీక్షకి నా గదికి రావాలని రూలు. కుడిచెవి మాత్రం ఇంటివాళ్లదని రూలు కంటే గట్టి ఆనవాయితీ. పోయిన మనిషిని ఎడమ పక్కకి తిప్పి పడుకోబెడతారు. ఇంట్లోవాళ్లు ఒక్కొక్కరే వంగి, పైకి ఉన్న కుడిచెవిలో, ఎవరికీ వినపడకుండా ఒక మాట చెబుతారు. దాన్ని చెవిమాట అంటారు. ఒకసారి చెప్పాక వెనక్కి తీసుకోవడం లేదు. మనిషి మట్టిలోకి వెళ్లేటప్పుడు మాట కూడా వెంట వెళ్లి అప్పుడు అందుతుందని నమ్మకం.

ఊపిరి ఆగాక కూడా చెవి కాసేపు వింటుందట. నాకు తెలిసినంతలో ఊపిరి ఆగాక ముందుగా పాడయ్యేవాటిలో చెవి ఒకటి. లోపల నత్తగుల్లలా చుట్టుకున్న గొట్టంలో సన్నటి నూగున్న కణాలుంటాయి. కొద్ది గంటల్లో అవి వాడి, ఊడి, ఏది ఏదో పోల్చుకోలేకుండా అయిపోతాయి. అక్కడ వాళ్లు మాటలు చెప్పుకుంటూ ఉంటే ఇక్కడ నేను ఐసు డబ్బా పట్టుకుని గుమ్మం బయట నిలబడి ఉంటాను. నన్ను చూస్తే ఈ వసారాలో పిల్లలు పక్కకి తప్పుకుంటారు. వాళ్ల తప్పు లేదు.

ఇవాళ ఆఖర్న లోపలికి వెళ్లింది మనవరాలు పైడి. అందరికంటే ఎక్కువసేపు వంగి ఉంది. ఒక్క మాటకి ఇంతసేపేమిటని లోపల్లోపల విసుక్కున్నాను. ఆమె కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చి, "ఎల్లు హైమక్కా, బేగి కానీ. నీ పని పాడైపోతాది" అంది. నాకు సిగ్గేసింది.

పని బాగానే అయింది. అసలు చెవి కణత లోపల, ఒంట్లోకెల్లా గట్టి ఎముకలో దాక్కుని ఉంటుంది. గుండ్రటి రంపంతో ఆ ఎముక ముక్కని మొత్తంగా తీసి, అందులో రెండు సన్నటి దారులు తెరిచి, ఒకదానిలోంచి కుళ్లకుండా నిలిపే ఫార్మాలిన్ వదలాలి, రెండోదానిలోంచి బొట్టు బయటికి వచ్చేదాకా. గట్టిగా నొక్కితే లోపలున్నది కొట్టుకుపోతుంది. భయపడి ఆలస్యం చేస్తే కుళ్లిపోతుంది. తర్వాత ముక్కని ఫార్మాలిన్ సీసాలో వేసి మూత పెట్టి, ఓపిక పట్టాలి. నాకు చేతనైన పనుల్లో ఓపిక పట్టడం లేదు. సీసా దగ్గరికి రోజూ వెళ్లి చూస్తాను, అదేదో పాలు తోడుకుంటున్నట్టు.

నమోదు 119

ఈ చెవి కోసం ఈసారి చాలామంది ఎదురుచూస్తున్నారు. ఎందుకో రాసి పెడతాను.

పైడితల్లి దానయ్య తాత మనవరాలు. గిరకలోనే పుట్టింది, పంట గదుల్లో పని చేస్తుంది. మొగుడు సింహాద్రి ఇక్కడ పుట్టలేదు. భూమి నుంచి వచ్చిన చివరి ఓడలోంచి నిక్కరేసుకుని దిగినవాడు. మా కిందనున్న ఎర్రనేల మీద ఊరు కట్టడానికి మొదటి పడవ వెళ్లినప్పుడు అతన్ని తీసుకెళ్లారు. రెండో పడవలో పైడి వెళ్లాలి. ఆ పడవ వచ్చే నెల బయల్దేరుతుంది. దాని తర్వాతది ఎప్పుడో ఎవరూ చెప్పడం లేదు.

ఈలోగా నా గది నుంచి వెళ్లిన ఫలితాలు ఆమెని ఆపేశాయి. రెండేళ్లుగా నాకు వచ్చినవి ముగ్గురి చెవులు. ముగ్గురూ ప్రమాదాల్లో పోయినవాళ్లు, ముగ్గురూ గిరకలో పుట్టినవాళ్లు. చెవిలో నత్తగుల్ల పక్కనే ఒక చిన్న సంచి ఉంటుంది. అందులో జిగురు మీద తెల్లటి ఇసుక పరుచుకుని ఉంటుంది, సున్నపు రవ్వ లాంటిది. తల వంచితే ఆ ఇసుక జారుతుంది, మనిషికి తను ఎటు ఒరిగాడో తెలుస్తుంది. ఆ ముగ్గురి సంచుల్లోనూ ఇసుక లేదు.

ఇరుసు అరిగిపోతోందని నాలుగేళ్ల కిందట గిరక తిరిగే వేగం తగ్గించారు. దాంతో అందరికీ ఒంటి బరువు కాస్త తగ్గింది. ఇక్కడ పుట్టినవాళ్ల చెవుల్లో ఇసుక అందుకే కరిగిపోతోందని వైద్య మండలి తేల్చింది. ఇక్కడైతే కళ్లతో చూసుకుంటూ నెట్టుకొస్తున్నారు, కింద దుమ్ము లేచి కళ్లు కనపడకపోతే నిలబడలేరు, నిచ్చెనల మీద నుంచి పడతారు, కాబట్టి గిరకలో పుట్టినవాళ్లెవరూ కిందికి వెళ్లకూడదు అన్నారు. పైడితో కలిపి పద్దెనిమిది మంది చోట్లు పోయాయి.

దానయ్య తాత భీమిలి దగ్గర సముద్రం ఒడ్డున పుట్టాడు. భూమి మనిషి. ఆయన చెవిలో ఇసుక నిండుగా ఉంటుంది, గిరకలో పుట్టినవాళ్లకీ భూమి మనుషులకీ తేడా అదిగో అని చూపించి మండలి ఆ ఫైలు మూసేస్తుంది. పైడికి ఆ సంగతి తెలుసు. తెలిసే ఎడమ చెవి ఇచ్చింది.

నమోదు 123

ఇవాళ తెరిచాను. నత్తగుల్ల చక్కగా నిలిచింది. నూగు కణాలు వరసలు వరసలుగా, వయసుకి తగ్గట్టు మధ్య మధ్య ఖాళీలతో. చాలాకాలానికి ఇంత మంచి చెవి చూశానని సంతోషపడుతూ సంచి తెరిచాను.

ఇసుక లేదు.

కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. జిగురు ఉంది, దాని కింద కణాలున్నాయి, పైన మాత్రం తుడిచి పెట్టినట్టు ఖాళీ. నా సూది తగిలి రాలిపోయిందేమోనని పళ్లెం అడుగంతా వెతికాను. రవ్వ కూడా లేదు.

దానయ్య తాత పోయిన సంక్రమణం దాకా గిరక బయటి పెంకు మీద తాడు పట్టుకుని తిరిగి అతుకులు వేసినవాడు. బయట చీకటి. కళ్లకి ఆనేది ఏమీ ఉండదు. లోపలికొచ్చాక కుర్రాళ్లు వాంతులు చేసుకుంటుంటే వాళ్ల తలలు పట్టుకునేవాడు. అలాంటి మనిషికి చెవిలో ఇసుక లేదంటే నేను నమ్మను. ఆయన చెవిలో ఉండే ఉంటుంది. నా సీసాలోకి వచ్చాక పోయింది.

ఈ వాక్యం మళ్లీ చదువుకున్నాను. నిజమైతే ఆ ముగ్గురి చెవుల్లోంచి కూడా నా సీసాలోనే పోయింది. పద్దెనిమిది మందిని ఆపింది గిరక వేగం కాదు, నా గది.

నమోదు 124

ఫార్మాలిన్‌లో లిట్మస్ కాగితం ముంచాను. ఎర్రబడింది. పులిసిపోయిన మజ్జిగలో ముంచినా ఇంత ఎర్రబడదు.

ఫార్మాలిన్ నిలవ ఉంటే పులుస్తుంది, అది అందరికీ తెలిసిన విషయమే. పులిసిన దానిలో సున్నం కరుగుతుంది, ఇదీ తెలిసిందే. ఎముక మందం కాబట్టి పైకి తేడా కనపడదు. ఇసుక రవ్వలు దుమ్ముకంటే చిన్నవి, అవి ఒక్కరోజు కూడా ఆగవు. అందుకే పులుపు విరగడానికి ఫార్మాలిన్ పీపాలో ఏదో ఒకటి వేసి ఉంచుతారు. నాకు ముందు ఈ గదిలో పనిచేసిన లీలావతి గారు అప్పగింతల్లో ఆ మాట చెప్పారు కూడా, "పీపా సంగతి బంగార్రాజు చూసుకుంటాడు" అని. బంగార్రాజు రసాయనాల కొట్టు చూస్తాడు. చూసుకుంటున్నాడనే నేను అనుకున్నాను.

కొట్టుకి వెళ్లాను. పీపాలో ఏం వేస్తున్నావని అడిగాను.

"ఏటీ ఎయ్యట్లేదమ్మా" అన్నాడు.

"మరి ముందు ఏం వేసేవాడివి?"

"గుడ్డు పెంకులు. మా మావ నేర్పినాడు. సగం పీపా దాకా పెంకులే ఉండేవి. తరవాత పంట గదులోల్లు ఒచ్చి, పెంకు ఒక్కటి కూడా పారెయ్యద్దు, మొక్కలకి కావాల అని ఆర్డరు సూపించి తవ్వుకుపోనారు. ఫార్మాలిన్ కంపు కొట్టే పెంకులు మొక్కలకి ఏటికని కూడా అడిగినాను. కడుక్కుంటారంట."

"ఎప్పుడు?"

"మా రెండోదానికి అన్నప్రాసన సేసినాం కదా, ఆ వారంలో."

వాళ్ల రెండోదానికి ఇప్పుడు మూడేళ్లు దాటాయి. అన్నప్రాశన భోజనానికి నేనూ వెళ్లాను.

"నాకు చెప్పలేదేం బంగార్రాజూ?"

"నాకేటి తెల్సమ్మా, ఆ ఆర్డరు నీకూ ఒచ్చుంటాది అనుకున్నాను. ఏటయినా పాడైందా?" ముఖం చూస్తే నిజంగానే భయపడ్డాడు. అతన్ని తిట్టాలని వెళ్లినదాన్ని తిట్టకుండా తిరిగొచ్చాను. లిట్మస్ ముంచి చూడాల్సింది నేను. అతను పెంకులు వేసేవాడు, నేను చెవులు కోసేదాన్ని, మధ్యలో ఇద్దరం ఒకరి మీద ఒకరం నిశ్చింతగా ఉన్నాం.

నమోదు 125

డాక్టర్ ఆదిశేషు గారిని కలిశాను. వైద్య మండలికి పెద్ద ఆయనే. కిందికి వెళ్లకూడదన్న నిర్ణయం మీద సంతకం ఆయనది. వాదన పెట్టుకుంటారనుకుని గట్టిగా తయారై వెళ్లాను. ఆయన మొత్తం విని, ఎర్రబడిన కాగితం తీసుకుని వెలుతురులో చూసి, "అయ్యో" అన్నారు. అంతే. కాగితం బల్ల మీద పెట్టారు.

"పాత చెవులు ఉన్నాయి కదా హైమావతి గారూ, లీలావతి గారి కాలంవి."

ఉన్నాయి. పొద్దున్నే బీరువాలోంచి తీసి చూశాను. వాటిలో ఇద్దరు గిరకలో పుట్టినవాళ్లు, ఇద్దరిలోనూ ఇసుక ఉంది. ఇదివరకు అవి చూసే, అప్పట్లో ఉండేది ఇప్పుడు కరిగిపోయిందని అన్నాం.

"అయితే మీరు చెప్పేదే నిజం కావచ్చు," అన్నారు. "కానీ మండలిలో మిగతావాళ్లు ఒక మాట అడుగుతారు. దానయ్యకి ముసలితనంలో ఇసుక పోయిందేమో, ఫార్మాలిన్ తప్పని రుజువేమిటి అని. నేను కాదనలేను. వయసుతో కొంత రాలడం మామూలే."

"కొంత రాలుతుంది. తుడిచిపెట్టుకుపోదు."

"నాకు తెలుసు. వాళ్లకి చూపించాలి. అదే మనిషి రెండో చెవి, మంచి మందులో పెట్టింది చూపించగలరా? అది చాలు. నేను నిలబడి మాట్లాడతాను."

కుడిచెవి సంగతి ఆయనకి తెలుసు. తెలిసే అడిగారు, నేను పైడి వాళ్లని అడిగినట్టే. దానయ్య తాత ఇంకా చల్లగదిలోనే ఉన్నాడు, ఒంటిని మట్టిగా మార్చే మట్టి గదిలో వంతు రాలేదు. నూగు కణాలు ఈపాటికి పోయి ఉంటాయి. ఇసుక రాయి జాతి, దానికి కుళ్లు ఉండదు. చెవి దొరికితే చాలు.

నమోదు 126

పంట గదిలో బెండ మొక్కల మధ్య పైడిని పట్టుకున్నాను. పక్కన ఎవరూ లేకుండా చూసి మొత్తం చెప్పాను, పెంకుల దగ్గర్నుంచి. తప్పు నా గదిలో జరిగిందని కూడా చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను.

"అంటే నా సెవిలో ఇసకుందా?" అంది.

"ఉండే ఉంటుంది. రుజువు కావాలి. తాత కుడిచెవి కావాలి."

పైడి బెండకాయల బుట్ట కింద పెట్టి తను కూడా కింద కూర్చుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను, ఏడవలేదు.

"అందులో నా మాటుంది అక్కా."

"తెలుసు. మీ ఆనవాయితీ తెలిసే అడుగుతున్నాను. మాటకి నేను ఏమీ చెయ్యను, ఎముక లోపల..."

"అది కాదు. ఏం మాటో ఇను." చెవిమాట బయటికి చెప్పకూడదు. వద్దనబోయాను. ఆమె ఆగలేదు. "నాను కిందకి ఎల్లను, నీ మట్టి మీద ఏసిన మొక్కకి నానే నీల్లు పోత్తాను, ఉన్నన్నాల్లూ పోత్తాను అని సెప్పేసినాను."

గిరకలో మనిషిని మట్టి చేశాక ఆ మట్టి ఒక తొట్టెలో పోసి మొక్క వేస్తారు. ఇంటివాళ్లలో ఒకరు దానికి నీళ్లు పోయాలి. నీళ్లు పోసేవాళ్లు లేని తొట్టెని పంట గదికి కలిపేస్తారు, పేరు తీసేస్తారు. దానయ్య తాతకి ఆఖరి రోజుల్లో పట్టుకున్న బెంగ అదొక్కటే. కొడుకూ కోడలూ ముందే పోయారు. సొంత ఇంట్లో మిగిలింది పైడి ఒక్కతే, మిగతావాళ్లు దూరపు చుట్టాలు.

"మరి సింహాద్రి?" అన్నాను.

"ఎలాగూ ఎల్లనివ్వరు కదా. ఎల్లనివ్వనప్పుడు ఎల్లను అని సెప్తే నాకు పోయిందేటుంది? తాత నెమ్మదిగా ఎల్తాడు అనుకున్నాను." చేతిలో బెండకాయ తుంచి పారేసింది. "నా తెలివి తగలెయ్యా. ఒట్టినే ఒచ్చిందని ఇచ్చీసినాను మాట."

చెవికి ఏమీ వినపడదని, వినే కణాలు అప్పటికే సగం చచ్చిపోయి ఉంటాయని నాకు తెలిసిన శాస్త్రమంతా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఇప్పుడు ఆమెకి దానితో పనిలేదు.

పైడి జేబులోంచి చిన్న పెట్టె తీసి నాకు సింహాద్రి గొంతు వినిపించింది. పోయిన వారం కింద నుంచి వచ్చిందట. "పైడీ, నీ సెవిలో ఇసక లేదంటన్నారు కదా. ఇక్కడంతా ఇసకే. ఎంత కావాలంటే అంత పోసుకుందువు గాని. తూలితే నాను పట్టుకుంటాను, నువ్వు రా అంతే." వెనకాల ఎవరో నవ్వుతున్నారు. పైడి కూడా కొంచెం నవ్వింది, తర్వాత పెట్టె మూసేసింది.

"ఆలోసించుకుని సెప్తాను" అంది.

నమోదు 127

పొద్దున్నే గది తలుపు దగ్గర పైడి.

"తీసుకో" అంది. "నా కోసం కాదు. మిగతా పదిహేడు మందీ ఏ మాటా ఇవ్వలేదు కదా. ఆల్ల నోట్లో మట్టి కొట్టడానికి నానెవర్ని? చాముండి కూతురు పొద్దున్న నన్ను సూసి తల దించుకు పోనాది. దానికి కూడా నా పడవలోనే చోటుండేది."

"నీ మాట సంగతి?"

"మాట మాటే. నాను ఉండిపోతాను. ఆల్లు ఎల్తారు."

చాలా మామూలుగా చెప్పింది, కూర ఏం వండాలో చెప్పినట్టు. రంపం శుభ్రం చేస్తున్నట్టు అటు తిరిగాను.

పెంకులు కావాలి. పంట గదిని అడిగితే ఆర్డరు చూపించారు. బంగార్రాజు విని, "దానికేటమ్మా" అని వెళ్లి తన వసారాలో అందరికీ చెప్పాడు. సాయంత్రానికి కోడిగుడ్డు కూర వాసన రెండు వసారాలు దాటి కొట్టింది. పెంకులు నా గుమ్మం ముందు గిన్నెల్లో వచ్చి చేరాయి, కడిగి, ఆరబెట్టి, కొందరైతే దంచి పొడి కూడా చేసి. పంట గదివాళ్లు రేపు లెక్క అడిగితే నేను చెప్పుకుంటాను. కొత్త ఫార్మాలిన్‌లో పెంకు పొడి వేసి, కలిపి, కాగితం ముంచాను. రంగు మారలేదు. మళ్లీ ముంచాను. మారలేదు.

దానయ్య తాత కుడిచెవి తీశాను. ఎముక ముక్కని సీసాలో వెయ్యబోతూ ఆగి, క్షమించు తాతా అన్నాను. ఎందుకన్నానో తెలియదు. పైకే అన్నాను.

నమోదు 131

తెరిచాను. ఆదిశేషు గారినీ, మండలిలో మిగతా ఇద్దరినీ పక్కన నిలబెట్టుకుని మరీ తెరిచాను, తర్వాత మాటలు పడకుండా.

నత్తగుల్ల అనుకున్నట్టే పాడైపోయింది, చూడటానికి ఏమీ మిగల్లేదు. చెవులు చెడకుండా నిలబెడతానన్న నా పేరు ఆ ముక్కలో నిలవలేదు. సంచి దగ్గరికి వచ్చి పొర మెల్లగా పక్కకి లాగాను.

ఇసుక ఉంది. అక్కడక్కడా పల్చబడి, చాలామటుకు నిండుగా, తెల్లగా, సన్నటి ఉప్పు పరిచినట్టు.

ఆదిశేషు గారు చూశారు. మిగతా ఇద్దరూ చూశారు. ఎడమ చెవి పక్కనే పెట్టి మళ్లీ చూశారు. తర్వాత ఆయన నా కుర్చీలో కూర్చుని, అక్కడికక్కడే నిర్ణయం వెనక్కి తీసుకుంటున్నట్టు రాసి సంతకం పెట్టారు. మిగతావాళ్లూ పెట్టారు. "ముగ్గురి ఇళ్లకి నేనే వెళ్లి చెబుతాను," అన్నారు నాతో, "మీ పిల్లల చెవుల్లో లోపమేమీ లేదని. అది మనం వాళ్లకి బాకీ." నేనూ వస్తానన్నాను.

వసారాల్లో కబురు నాకంటే ముందే పాకింది. చాముండి కూతురు పరిగెత్తుకుంటూ వెళ్లడం కిటికీలోంచి చూశాను.

నమోదు 132

పరీక్ష అయిన ముక్కల్ని ఇంటివాళ్లకి అప్పజెప్పాలి, ఒంటితోపాటు మట్టికి వెళ్లాలి. దానయ్య తాత వంతు రేపు. పైడికి కబురు పెట్టాను.

వచ్చి, ముందు చూస్తానంది. మైక్రోస్కోపు దగ్గర కూర్చోబెట్టాను. ఇలాంటివి చూడటం అలవాటు లేనివాళ్లకి మొదట తమ కనురెప్పలే కనిపిస్తాయి. ఆమె కాసేపు తంటాలు పడి, తర్వాత కదలకుండా ఉండిపోయింది.

"ఇదేనా?"

"ఇదే."

"భీమిలిది."

"ఆయన కడుపులో ఉండగా వాళ్లమ్మ ఒంట్లోంచి వచ్చింది. అవును, భీమిలిదే అనుకో."

"ఇలాటిదే నాకూ ఉంది."

"ఉంది."

ఇంకా చూస్తూనే ఉంది. రెండో పడవలో ఆమె చోటు అలాగే ఉందని, ఎవరికీ ఇవ్వలేదని ఆదిశేషు గారు పొద్దున్నే చెప్పారు. నేను పైడికి చెప్పలేదు. చెప్పడమంటే పుండు మీద ఉప్పు రాయడమే అనిపించింది. చెప్పకపోవడం కూడా బాగాలేదు. చెప్పాను.

"తెల్సు" అంది. "సింహాద్రికి కూడా తెల్సిపోనాది. ఒత్తన్నావా అని అడిగినాడు. ఇంకా జవాబు పంపలేదు."

మైక్రోస్కోపు మీంచి తల ఎత్తింది. ఏడ్చిన ముఖం కాదు. లెక్కలు వేసుకుంటున్న ముఖం.

"అక్కా, మట్టి పడితేనే కదా మాట అందేది?"

"మీ ఆనవాయితీ నన్నడుగుతావేం?"

"ఇంకా మట్టి పడలేదు. ఇది నీ పల్లెంలోనే ఉంది." వేలితో పళ్లెం అంచు ముట్టుకుంది. "అందలేదన్నమాట. అందనిదాన్ని మార్సుకోవచ్చు కదా? ఉత్తరం పడవ ఎక్కకముందు ఎనక్కి తీసుకుని దిద్దుకోరా?"

ఇలా ఎవరైనా చేశారా అని అడగలేదు. ఎవరూ చేసి ఉండరు. ఇంతవరకు ఎవరి కుడిచెవీ మట్టికి వెళ్లేముందు మళ్లీ ఇంటివాళ్ల ముందుకు రాలేదు. నాకు నమ్మకం లేని విషయంలో నేను న్యాయం చెప్పడమేమిటని నోరు మూసుకుందామనుకున్నాను. కానీ ఆ అమ్మాయి నా ముఖంలోకే చూస్తోంది.

"తాత వింటే ఏమంటాడు?" అన్నాను.

"ముందు తిడతాడు. తరవాత, సరే, నీల్లెవుడు పోత్తాడు అంటాడు." నా వైపు తిరిగింది. "హైమక్క పోత్తాది అని సెప్పీనా?"

"నేనా?"

"ఇంకెవరున్నారు?"

నాకు మొక్కలు అచ్చిరావు. నేను ఇంతవరకు ఒక్క తులసి మొక్కని కూడా బతికించలేదు. చేతిలోకి వచ్చిన ప్రతిదాన్నీ ఫార్మాలిన్‌లో వేసే మనిషిని, ఉన్నన్నాళ్లూ నీళ్లు పోస్తానని ఒక చచ్చిపోయిన ముసలాయనకి మాట ఇవ్వమంటోంది. అదీ ఆ మాట ఆయన వినలేడని ఈ గిరక మొత్తమ్మీద అందరికంటే గట్టిగా తెలిసిన నన్ను.

"చెప్పు" అన్నాను.

పైడి లేచి పళ్లెం మీదకి వంగింది. వంగి, ఆగింది. ఎముక ముక్కలు నాలుగైదు ఉన్నాయి, ఏది చెవో, ఏది ఎటో ఆమెకి ఎలా తెలుస్తుంది.

"ఎటేపు సెప్పాలక్కా?"

అసలు ఆ ముక్కల్లో ఎటు చెప్పినా ఒకటే. పట్టకారు తీసుకుని, పెద్ద ముక్కని మెల్లగా తిప్పి, బతికున్నప్పుడు శబ్దం లోపలికి వెళ్లిన వైపు ఆమెకి ఎదురుగా వచ్చేటట్టు పెట్టాను.

"ఇటు చెప్పు" అన్నాను. గుమ్మం బయటికి వెళ్లి తలుపు దగ్గరగా వేశాను.

తాత మట్టి అయ్యాక మట్టి గది నుంచి తొట్టె నాకొస్తుంది. నీళ్లు ఎన్ని పొయ్యాలో బంగార్రాజుని అడగాలి.